నిల్వ చెప్పుకున్న కథ

నా పేరు నిల్వ. అటు రెండు, ఇటు రెండు మీసాల బ్రాకెట్లు పెట్టి మధ్యలో నన్ను రాస్తారు. పక్కకి తిప్పితే మీసంలా ఉంటాయనే, 2009లో వచ్చిన ఒక టెంప్లేటు పద్ధతికి మస్టాష్ అని పేరు పెట్టారు. మీసమైతే ఉంది గానీ పౌరుషం లేదు నాకు; ఎవరి అంకె వస్తే వాళ్లది మోస్తాను.

శృంగవరపుకోటలో ఒక సహకార సంఘం కంప్యూటర్లో, పాస్‌బుక్కు అచ్చేసే టెంప్లేటులో నా కాపురం. వరుసలో ఐదుగురం: తేదీ, వివరం, జమ, ఖర్చు, నేను. మా పెద్దలు చిట్టా, ఆవర్జాల్లో గీతల మధ్య గడులుగా బతికారు. ఖాతా నంబరు కొట్టగానే డేటాబేసులోంచి ఆ మనిషి లావాదేవీలు బయటికొస్తాయి. టెంప్లేటులో రాసి ఉండేది ఒక్క వరుసే. లావాదేవీలు నలభై ఉంటే అదే నలభైసార్లు తిరుగుతుంది; తిరిగినప్పుడల్లా మాలో పాత విలువ పోయి కొత్తది పడుతుంది.

మిగతా నలుగురికీ డేటాబేసు పట్టికలో సొంత గది ఉంది. నాకు లేదు. పై వరుసలోని నిల్వకి జమ కలిపి, ఖర్చు తీసేసి నన్ను అప్పటికప్పుడు పుట్టిస్తారు. అందుకే ఎవరి తర్వాత ఎవరన్నది నాకు ప్రాణసంకటం.

ఒక తాత ఖాతాలో 2,000 ఉంది. పొద్దున్న 5,000 కట్టాడు, మధ్యాహ్నం 6,000 తీశాడు. పట్టికలో తేదీ ఉంది గానీ వేళ లేదు. రెండూ ఒకే తేదీ కావడంతో డేటాబేసు తన ఇష్టానికి తీసిన సొమ్మును ముందు పంపింది. నేను −4,000 అయ్యాను, ఆ కింద 1,000.

"ఏటి బాబూ ఇది, నాను బాకీ ఎప్పుడు పడ్డాను?"

"సివరి అంకె సూడు తాతా, వెయ్యి ఉంది కదా."

"సివరది కాదు. మద్దిన ఈ అడ్డగీత ఏటని?"

అడిగింది న్యాయమే. తేదీ తర్వాత లావాదేవీ నంబరుతో కూడా వరుస పెట్టాక ఆ గీత పోయింది.

జమ, ఖర్చులతో ఇంకో తంటా. డబ్బు కట్టిన వరుసలో ఖర్చుకి విలువే ఉండదు. అది సున్నా కాదు, ఖాళీ. కాగితం మీద ఖాళీగా వదిలితేనే కంటికి హాయి. లెక్కలో మాత్రం ఖాళీని దేనితో కలిపినా, దేంట్లోంచి తీసినా వచ్చేది ఖాళీయే. అక్కణ్నుంచి పేజీ చివరిదాకా నేను మాయం. లెక్కకి సున్నాగా, అచ్చుకి ఖాళీగా చూడమని ముందే చెప్పి ఉంచాలి. 1,25,000ని 125,000 అని అచ్చేస్తే మా వాళ్లు చదవరన్నదీ చెప్పాలి.

నా దాయాది ఒకడు ఎస్‌ఎంఎస్‌లలో ఉంటాడు. వాడికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కట్టడి ఉంది: మోసగాళ్ల బెడదకి విరుగుడుగా సందేశం మూసను ముందే నమోదు చేయాలి, మారేది వాడొక్కడే. 2021 మార్చి 8న సందేశాలు ఆ మూసతో సరిపోతున్నాయా అన్న తనిఖీ మొదలవగానే బ్యాంకుల ఓటీపీలు సైతం ఆగిపోయి, వారం పాటు దాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది.

2022 జూన్‌లో కేంద్రం మా సంఘం లాంటి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలను ఒకే సాఫ్ట్‌వేరు కిందికి తెచ్చే పథకానికి 2,516 కోట్లు ఒప్పుకుంది. కొత్త టెంప్లేటు వస్తే నాకు ఏ పేరు పెట్టినా సరే. లావాదేవీ నంబరు ముక్క మాత్రం అది రాసేవాళ్ల చెవిన ఎవరైనా వేస్తే బాగుణ్ను.