ఉద్దానపు ఫొటో సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “కదలకండమ్మా, ఇటు సూడండి, రెడీ!”

అవతారిక: పెళ్లికూతురిని కొబ్బరితోటలో నిలబెట్టి ఫొటోగ్రాఫరు పలికిన సూత్రమిది. టెక్కలి నుంచి కాశీబుగ్గ దాకా దీనికి పాఠాంతరం లేదు.

ప్రతిపదార్థం: కదలకండి = ఊపిరి సైతం అదుపులో ఉంచుకోండి; అమ్మా = వయసుతో నిమిత్తం లేని సంబోధన; ఇటు = లెన్సు వైపు; సూడండి = రెప్ప వాల్చక చూడండి; రెడీ = తీయడం అయిపోయింది.

తాత్పర్యం: ఓ పెళ్లికూతురా! లెన్సుకు చేరువగా నున్న నీ కంటిపై ఫోకసు నిలిపితిని. నీవు బెత్తెడు ముందుకు వంగినచో అది నీ చెవికి పోవును.

విశేషం: ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 85 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి, ఎపర్చరు 1.8 వద్ద, రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే స్పష్టత సుమారు 6 సెంటీమీటర్ల లోతుకే దక్కుతుంది. కన్ను తేరుకుంటుంది, చెవిదిద్దు మసకబారుతుంది. బంగారం కనబడలేదని మేనత్త అలుగుతుంది. 5.6కు మారిస్తే ఆ లోతు మూడింతలై మేనత్త శాంతిస్తుంది.

శంక: వెనక చెట్టు స్ఫుటంగా వచ్చి మొహం మసకయ్యిందేం?

సమాధానం: ఆటోఫోకసు వెలుగునీడల తేడా గట్టిగా ఉన్న చోటికి ఎగబడుతుంది. ఆకాశం మీద కొబ్బరిమట్టకున్నంత అంచు ఏ మొహానికుంది? 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపాను తోటలను పడగొట్టినా, మిగిలిన మట్టలు ఈ పని మానలేదు. కొత్త కెమెరాలు కంటిని తామే వెతుక్కుంటాయి. పాతవాటిలో ఫోకసు గడిని మనమే కంటిమీదికి జరపాలి.

పూర్వపక్షం: “మీరే కదిలిపోనారు” అని ఫొటోగ్రాఫరు.

ఖండనం: చెట్టూ మనిషీ కలిసి చెదిరితే కెమెరా వణికింది. చెట్టు నిలిచి మనిషి మాత్రం చారలుగా సాగితే షట్టరు నెమ్మది. చెట్టు తేటగా ఉండి మనిషి మెత్తగా మసకైతే ఫోకసు తప్పింది. మూడింటా ముద్దాయి కెమెరా వెనకే ఉన్నాడు. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు ఫొటో కోసం ఆగవు. అక్కడ షట్టరుకు సెకనులో 250వ వంతో, ఇంకా వేగమో కావాలి. చీకటిగా ఉంటే ఐఎస్ఓ పెంచాలి. గరుకు వచ్చినా ఫరవాలేదు, చెదిరిన మొహాన్ని బాగుచేయడం ఎవరి తరం?

ఇక మొదటి పదం సంగతి. 1839లో డాగరోటైపు వచ్చిన కొత్తలో ఫలకానికి నిమిషాల తరబడి వెలుగు పట్టాల్సి వచ్చేది. అందుకే తల వెనక ఇనుప ఆనిక పెట్టి కూర్చోబెట్టేవారు. “కదలకండి” అప్పటిది. నేటి పాఠంలో అది ప్రక్షిప్తమని, పరిహరించదగినదని ఈ టీకాకారుని నిర్ణయం.