చిరిగింది నాకు, పోయింది వాడు

మేం కవలలం, పదంగుళాల సబ్‌వూఫర్లం. ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చిన 2015లో మమ్మల్ని కొని, కూకట్‌పల్లి ఫ్లాట్‌లో టీవీకి అటొకణ్ణి, ఇటొకణ్ణి కూర్చోబెట్టారు. 5.1 అంటారే, అందులో చుక్క తర్వాతి ఒకటి మా వాటా. ఉరుములు, ఏనుగు అడుగులు, కూలే గోడలు... చిన్న స్పీకర్లు మోయలేని బరువంతా మా నెత్తిన పడేది.

ఈ ఎండాకాలం ఇద్దరికీ ఒకేసారి జబ్బు చేసింది. నా కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు ఒకపక్క ఊడి వేలాడింది. బాస్ వస్తే చాలు, బరబరమనేవాణ్ణి. వాడేమో నిగనిగలాడుతూనే మూగబోయాడు.

“ఇదెలాగూ పోయింది. దానికి ఫ్యూజు వేస్తే సరి,” అన్నాడు పెద్దాయన నావైపు చూసి. ఫ్యూజు వేశాడు. అది వెంటనే ఎగిరిపోయింది.

“రెండూ పడేసి సౌండ్‌బార్ తెచ్చుకుందాం నాన్నా,” అన్నాడు కొడుకు.

“ముందు ఎక్కడ చెడిందో తెలియనీరా.”

ఆ ఒక్క మాటకి ఆయన పాత తీర్పును క్షమించేశాను. ఇద్దర్నీ కారెక్కించి కోఠీ గుజరాతీ గల్లీకి తీసుకెళ్లాడు.

మెకానిక్ నా చిరుగును అసలు పట్టించుకోలేదు. నాలుగువైపులా వేళ్లు సమంగా ఆనించి కోన్‌ను మెల్లగా లోపలికి నొక్కాడు. ఎక్కడా గీరుకున్న చప్పుడు లేదు. మీటర్ పెడితే మూడున్నర ఓమ్‌లు చూపించింది. నాలుగు ఓమ్‌ల స్పీకర్‌కి అది సరైన లెక్కే. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తీగలు ఆనించగానే కోన్ టక్కున ఎగిరింది.

“ఫోమే పోయింది సార్. కాయిల్ మంచిగుంది.”

ఫోమ్ సంగతి నాకు తెలుసు. ఉక్కకీ వేడికీ అది దానంతటదే కుళ్లుతుంది, వాడినా వాడకపోయినా. ముట్టుకుంటే కాలిన కాగితంలా రాలిపోతుంది. కానీ అది ఉత్త అలంకారం కాదు. కాయిల్‌కీ అయస్కాంతానికీ మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు; ఆ సందులో కాయిల్ నిటారుగా ఆడాలంటే చుట్టూ అంచు సమంగా పట్టి ఉంచాలి. ఒకపక్క ఊడినా అలాగే వాయిస్తూ పోతే కాయిల్ గోడకు రాసుకుని అరుగుతుంది. అప్పుడు చిన్న పనితో పోయేది పెద్ద ఖర్చుకు ఎక్కుతుంది. బరబర వినగానే నన్ను ఆపేశారు గనుక బతికిపోయాను.

తర్వాత వాడి వంతు. వెనక రేకు విప్పగానే కాలిన వాసన గుప్పుమంది. మీటర్ ముల్లు కదల్లేదు. లోపలి యాంప్‌లో ట్రాన్సిస్టర్లు షార్టై, ఆగకుండా డీసీ కరెంటు కాయిల్‌లోకి పోయింది. దాంతో కోన్ ఒకవైపుకు బిగుసుకుంది. కదలిక లేక కాయిల్‌కి గాలి ఆడలేదు, కాలిపోయింది.

“కాయిల్ చుట్టిస్తే?” పెద్దాయన అడిగాడు.

“చుట్టిస్తా సార్. యాంప్ చెయ్యకుండ పెడితే మళ్లీ కాలుతది. రెండూ జేస్తే కొత్తదాని పైసలయితయ్.”

“ఏదో ఒక పదంగుళాల కార్ స్పీకర్ కొని ఇందులో బిగిస్తే?” కొడుకు అందుకున్నాడు.

చెక్కపెట్టె అంటే అందరికీ ఇంత చులకన! లోపలి గాలి ఎంత, ఆ గాలి బయటికొచ్చే గొట్టం ఎంత పొడవు అన్నది మా స్పీకర్ కొలతల్ని బట్టి లెక్కగట్టిందే. ఆ లెక్కలు థీల్ అనే ఆయన 1961లో, స్మాల్ అనే ఆయన 1970ల్లో తేల్చారు. ఇద్దరూ ఆస్ట్రేలియాలో పనిచేసినవాళ్లే. పొంతన లేని స్పీకర్ బిగిస్తే ఒక్క స్వరం దగ్గర బోరుమని, మిగతా చోట డీలా పడుతుంది. మెకానిక్‌కి ఈ పేర్లు తెలుసో లేదో గానీ, “డబ్బా దానికి సెట్ గాదు” అని ముక్తసరిగా తేల్చేశాడు.

నాకు కొత్త ఫోమ్ అంటించారు. జిగురు ఆరకముందే సన్నటి బాస్ స్వరం వాయించి, కోన్ నడిమధ్య కుదురుకునేలా చూశారు. వాడు మాత్రం విడిభాగాల కింద ఆ కొట్లోనే ఉండిపోయాడు. కవలవాడే అయినా, అదే సరైన పని అంటాను.

“రెండోది కొనాలంటావా?” వచ్చేముందు పెద్దాయన అడిగాడు.

“దీన్ని గోడ మూలకు జరిపి నెల రోజులు వినుండ్రి సార్. అక్కడ బాస్ ఎక్కువొస్తది. సాలకుంటెనే కొనుండ్రి.”

కింది ఫ్లాట్ వాళ్లనడిగితే, ఇప్పుడున్నదే ఎక్కువంటారు.