ముందు దిగడం నేర్చుకో తల్లీ

బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయికి ఇక్కడ రాస్తున్న సలహాలు తలకిందులుగా కనిపిస్తాయి. మీ పీఈటీ సారు ఒప్పుకోకపోవచ్చు, ఇంట్లో అమ్మమ్మ అసలే ఒప్పుకోదు. అయినా రాస్తున్నాను. ఆట రాక ఆగిపోయిన పిల్లల గురించి నాకంత దిగులు లేదు. చక్కగా ఆడుతూ మోకాలు పోయి, ఒంట్లో రక్తం చాలక ఆగిపోయే పిల్లల గురించే నా బాధంతా.

గ్రౌండు చుట్టూ రౌండ్లు కొట్టడం తగ్గించు. రౌండ్లు కొడితే దమ్ము వస్తుందంటారు. నిజమే, కానీ ఈ ఆటకు కావలసిన దమ్ము వేరు. కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. బంతి చేతికొచ్చాక 8 సెకన్లలో సగం కోర్టు దాటాలి, 24 సెకన్లలో షాట్ వేయాలి. పోటీ మ్యాచ్‌లో క్రీడాకారిణి సుమారు మూడు సెకన్లకోసారి కదలిక మారుస్తుంది. పరుగెత్తుతుంది, ఆగుతుంది, పక్కకి జరుగుతుంది, వెనక్కి వెనక్కి వెళ్తుంది, ఎగురుతుంది. అందుకే ఈ గీత నుంచి ఆ గీత దాకా ప్రాణం పెట్టి పరుగెత్తు. గీత దగ్గరికొచ్చేసరికి అడుగులు చిన్నవి చేసి, నడుము దించి ఆగు. ఊపిరి కుదుటపడకముందే మళ్లీ వెనక్కి రా. పరుగు కంటే ఆగడమే కష్టమని తొడలు నీకు చెబుతాయి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ఎత్తు ఎగరాలని ఆరాటపడకు, ముందు కిందికి దిగడం నేర్చుకో. ఆడవాళ్ల బంతి ఆరో సైజుది, మగవాళ్ల దానికన్నా కాస్త చిన్నది. రింగు మాత్రం ఇద్దరికీ 3.05 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. కాబట్టి కోచ్‌లందరి దృష్టీ ఎగరడం మీదే. మోకాలు దెబ్బతినేది మాత్రం ఎక్కువగా దిగేటప్పుడు, ఆగి దిశ మార్చేటప్పుడు. తొడ ఎముకనీ కాలి ఎముకనీ లోపల పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్, చాలాసార్లు ఎవరూ తగలకుండానే తెగుతుంది. కాలు నిటారుగా ఉండి, మోకాలు లోపలికి వాలిన క్షణంలో జరిగిపోతుంది. ఇదే ఆటలో అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిలకు ఈ ప్రమాదం కనీసం రెండు రెట్లు. నడుము ఎముకల అమరిక, హార్మోన్లు అని కారణాలు చాలా చెబుతారు. వాటిని మనం మార్చలేం. కండబలమూ దిగే అలవాటూ మన చేతిలోనివే.

మోకాలెత్తు కూడా లేని మెట్టు మీద నుంచి రెండు కాళ్లతో కిందికి దూకు. చప్పుడు రాకూడదు. మోకాళ్లు వంగాలి, కాలి వేళ్ల వైపే చూడాలి, పిరుదులు వెనక్కి వెళ్లాలి. స్నేహితురాలిని ఎదురుగా నిలబెట్టి ఫోన్లో వీడియో తీయమను. మోకాళ్లు ఒకదాని వైపు ఒకటి వాలుతుంటే ఎత్తు తగ్గించు. రెండు కాళ్ల మీద కుదిరాకే ఒంటికాలి మీద దిగు. ఇలాంటి వార్మప్ క్రమం తప్పకుండా చేయించిన జట్లలో ఏసీఎల్ గాయాలు దాదాపు సగానికి తగ్గాయని పరిశోధనలు చెబుతున్నాయి. మన బళ్లలో కోర్టులు చాలావరకు సిమెంటువి కాబట్టి, రోజూ లెక్కలేనన్ని సార్లు ఎగరడం మంచిది కాదు.

సన్నబడాలని తిండి తగ్గించకు. ఎక్కువ తిను. ఒళ్లు తేలికైతే బాగా ఎగరొచ్చన్న మాట ఎంతోమంది పిల్లల ఎముకల్ని గుల్ల చేసింది. ఆటకు సరిపడా తినకపోతే ముందు నెలసరి తప్పుతుంది, తర్వాత ఎముకల్లో సన్నటి చీలికలు వస్తాయి. మూడు నెలలు నెలసరి రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లు, ఆటలో ఉన్నవాళ్లకి అది మామూలే అంటే నమ్మకు. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో తేల్చింది. నాలుగో క్వార్టర్లో కాళ్లు లాగేస్తున్నాయంటే బద్ధకమని తిట్టేముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. గుడ్లు, పప్పు, ఆకుకూర, వాటితో నిమ్మరసం తీసుకో. అన్నం తిన్న వెంటనే టీ వద్దు.

ఆడపిల్లలు ఇంత శ్రమ తట్టుకోలేరనడం ఈ ఆట పుట్టినప్పటి నుంచీ ఉంది. 1892లో అమెరికాలోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్‌సన్ అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పినప్పుడు, అలసిపోతారన్న భయంతో కోర్టును మూడు ముక్కలు చేసి గీత దాటొద్దన్నారు. అయోవా రాష్ట్రంలో సగం కోర్టులోనే ఆడే ఆరుగురి ఆట 1993 దాకా బతికింది. అప్పటికే ఒలింపిక్స్‌లో మహిళలు పూర్తి కోర్టులో ఆడటం మొదలై 17 ఏళ్లు. శ్రమ తగ్గించడం మందు కాదు, ఆ శ్రమకు తగినట్టు ఒంటిని తయారుచేయాలి.

ఇంత చేసినా దెబ్బ తగలొచ్చు. అమెరికా క్రీడాకారిణి సూ బర్డ్‌కి కాలేజీ మొదటి ఏడాదే, 1998లో, ఏసీఎల్ తెగింది. తర్వాత ఆమె అయిదు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచి 41 ఏళ్ల దాకా ఆడింది. 2022 ఆగస్టులో మోకాలు దెబ్బతిన్న మరో అమెరికా క్రీడాకారిణి పేజ్ బెకర్స్ ఆ సీజన్ మొత్తం బయటే కూర్చుంది, 2025లో తన కాలేజీకి జాతీయ టైటిల్ తెచ్చింది. అమ్మానాన్నలకూ కోచ్‌లకూ నా మనవి ఒక్కటే. ఆపరేషన్ అయిన అమ్మాయిని కనీసం తొమ్మిది నెలలు నిండేదాకా, రెండు కాళ్ల బలం సమానమైందని ఫిజియో చెప్పేదాకా మ్యాచ్‌లోకి దించకండి, టోర్నమెంటు ఎంత పెద్దదైనా సరే.