గుడికి వీపు పెట్టి కథ మొదలుపెట్టండి

ములుగు జిల్లా పాలంపేటలో వాతావరణం గురించి కథ చెప్పబోతున్నారా? నా సలహా తలకిందులుగా తోచినా వినండి. రామప్ప గుడిని చూపించకండి. గుడి శాసనం 1213 నాటిదనీ, శిఖరానికి వాడినవి నీళ్లలో తేలే ఇటుకలనీ, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందనీ ఊళ్లో అందరికీ తెలుసు. ఆ గొప్పలు విని తలలూపి ఇళ్లకు పోతారు. గుడికి వీపు పెట్టి చెరువు కట్ట ఎక్కించండి. గుడి కట్టించిన రేచర్ల రుద్రుడే ఈ చెరువూ తవ్వించాడు. సప్తసంతానాల్లో చెరువు ఒకటి. తవ్విస్తే కొడుకును కన్నంత పుణ్యమని ఆనాటి నమ్మకం.

అయినా రుద్రుణ్ణి కథానాయకుణ్ణి చేయకండి. ఆయన కట్టించి వెళ్లిపోయాడు. ఎనిమిది వందల ఏళ్లు నిలబెట్టింది పూడిక తీసిన చేతులు. తూము ఎవరు లేపేవారు? మత్తడి దుంకితే ఊరు ఏం చేసేది? ఎండాకాలం ఒండ్రుమట్టిని బండ్లకెత్తి ఎవరి చెలకలకు తోలేవారు? ఆయకట్టులో చివరి మడి దాకా నీళ్లు పారించిన నీరటి ఎవరి తాత? ఇవే అడగండి. 'వాతావరణ మార్పు' అన్న మాట మీరు ఎత్తకండి, వాళ్లను ఎత్తనివ్వండి.

భయపెట్టొద్దని శిక్షణల్లో చెబుతారు. నేను భయపెట్టమంటాను. ధ్రువాల్లో కరిగే మంచుతో కాదు, ఇంటి పక్క లెక్కతో. 2023 జులైలో ఇదే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ అంత నమోదు కాలేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. సైన్సు అంతవరకు చాలు. తర్వాత అడగండి: అలాంటి వాన ఈ చెరువు మీదే పడితే ఈ మత్తడి తట్టుకుంటుందా? వరద కాలువకు అడ్డంగా ఏం లేచింది? శిఖం భూమిని ఎవరు దున్నుతున్నారు? ఇక్కడ మొహాలు ముడుచుకుంటాయి. ముడుచుకోనివ్వండి, మాట మార్చకండి.

2015లో మొదలైన మిషన్ కాకతీయతో కథ ముగించాలని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. సర్కారు పూడిక తీయించడం మంచిదే, కానీ పూడిక ఏటా చేరుతుంది. అసలు కథే ముగించకండి. ఒగ్గు కథలో కథకుడి మాటను పక్కవాళ్లు అందుకున్నట్టు ఊరివాళ్లను అందుకోనివ్వండి. "మా తాత చేసింది అట్ల కాదు" అని ఒక పెద్దాయన అడ్డొస్తే మైకు ఆయనకిచ్చి కూర్చోండి. వచ్చే ఎండాకాలం మట్టి ఎప్పుడు ఎత్తాలో, ట్రాక్టర్లు ఎవరివో ఆ గొడవలో తేలకపోతే వచ్చే వారం మళ్లీ వెళ్లండి.