బెంచి

మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. స్కూల్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఉంది. మొన్న డిసెంబర్‌లో మూడు రోజుల టోర్నమెంటు కోసం వరంగల్ వెళ్లింది. మమ్మల్ని వదిలి రెండు రాత్రులు బయట ఉండటం తనకదే మొదలు. రాత్రి ఎనిమిదింటికల్లా నేను వాళ్ల పీఈటీ మేడమ్ నంబరుకి ఫోన్ చేసేవాణ్ని. ఆవిడ ఫోన్ తీసుకెళ్లి పిల్లకిచ్చేది.

"గెలిచారా తల్లీ?"

"గెలిచాం నాన్నా."

రెండో రాత్రీ అదే మాట. మూడో రోజు ఫైనల్. ఆ రోజు రాత్రిదాకా ఆగలేక మధ్యాహ్నమే చేశాను.

"గెలిచారా?"

"గెలిచాం నాన్నా. గోల్డ్ మెడల్ ఇచ్చారు."

ఆఫీసులో సీట్లోంచి లేచి నలుగురికీ చెప్పాను. సాయంత్రం స్వీట్ బాక్సు పట్టుకుని ఇంటికొచ్చాను. పిల్ల బస్సు దిగి గుమ్మంలో అడుగు పెట్టగానే మా అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చి దిష్టి తీసింది. హాల్లో టీవీ పక్కనున్న మేకుకి వేలాడుతున్న క్యాలెండర్‌ని వంటింట్లోకి మార్చి, ఆ మేకుకి మెడల్ తగిలించాను. ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టాను. రాత్రి పదకొండు దాకా అభినందనలు వస్తూనే ఉన్నాయి.

పొద్దున లేచేసరికి మేకు ఖాళీ. వెతికితే పిల్ల చదువుకునే బల్ల అట్టడుగు సొరుగులో, పాత నోట్సుల కింద మెడల్ కనిపించింది. మళ్లీ తీసి తగిలించాను. సాయంత్రానికి మళ్లీ సొరుగులోనే ఉంది. మూడోసారీ అంతే అయ్యేసరికి మా ఆవిడ, "ఏదో మనసులో పెట్టుకుంది, మీరే అడగండి," అంది.

పిల్ల బాల్కనీలో కూర్చుని షూ లేసులు ఉతకడానికి విప్పుతోంది. పక్కన కూర్చున్నాను.

"ఏమైంది తల్లీ, మెడల్ దాచేస్తున్నావు?"

"ఏం లేదు నాన్నా. నేను బెంచి కదా."

నాకు అర్థమైపోయింది. టీమ్‌లో పన్నెండు మంది. కోర్టులో ఉండేది ఐదుగురు. మిగతా వాళ్లని ఆఖర్లో ఓ ఐదు నిమిషాలు దింపి ఉంటారు, అది చాలక పిల్ల చిన్నబుచ్చుకుంది అనుకున్నాను. బెంచి అనే మాట వినగానే నాకు పదమూడేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చింది. ఆ మాట బరువేంటో నాకు తెలుసు.

"బెంచి అంటే ఏంటో నన్నడుగు తల్లీ, చెప్తాను," అన్నాను.

2012 ఫిబ్రవరి. నేను అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్నాను. ప్రాజెక్టు అయిపోయింది. ఇంకోటి దొరకలేదు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే బెంచి మీద ఉన్నాను. కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్ హౌస్‌లో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. గదులు ముందొచ్చిన వాళ్లవి, నాకు దొరికింది హాల్లో సోఫా. పగలంతా ఫోన్ ఇంటర్వ్యూలు, రాత్రంతా లెక్కలు. అప్పటికి మా అమ్మాయికి పది నెలలు, వాళ్ల అమ్మమ్మగారింట్లో ఉంది. ఏదో ఒక ఊరి నుంచి ఏదో ఒక క్లయింటు పిలుస్తాడనే ఆశ మీదే రోజులు నడిచేవి.

సరిగ్గా అప్పుడే, మాకు గంట దూరంలో న్యూయార్క్‌లో, నాలాగే సోఫా మీద పడుకుంటున్న కుర్రాడొకడున్నాడు. పేరు జెరెమీ లిన్. వయసు 23. అమెరికా పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, న్యూయార్క్ నిక్స్ జట్టులో ఆటగాడు. అన్నయ్య చిన్న అపార్ట్‌మెంట్లో సోఫా మీద పడుకునేవాడు. ఫిబ్రవరి 3 రాత్రి అక్కడ చోటు లేక, జట్టులో తోటివాడు ల్యాండ్రీ ఫీల్డ్స్ ఇంట్లో సోఫా మీద పడుకున్నాడు. ఎన్‌బీఏ ఆటగాడికి సొంత ఇల్లు లేకపోవడమేంటి అంటే, ఏ రోజు తీసేస్తారో తెలియనివాడు ఇల్లెలా తీసుకుంటాడు!

లిన్ అమ్మానాన్నలు తైవాన్ నుంచి వచ్చినవాళ్లు. నాన్న కంప్యూటర్ ఇంజనీరు. బాస్కెట్‌బాల్ మీది పిచ్చితో పాత మ్యాచ్‌ల టేపులు చూసి ఆట నేర్చుకున్నాడు. రాత్రి హోంవర్కులయ్యాక ముగ్గురు కొడుకుల్నీ వైఎంసీఏకి తీసుకెళ్లి తానే ఆడించేవాడు. 2006లో జెరెమీ కెప్టెన్‌గా వాళ్ల హైస్కూల్ కాలిఫోర్నియా రాష్ట్ర చాంపియన్ అయింది. అయినా ఏ పెద్ద కాలేజీ కూడా స్కాలర్‌షిప్ ఇచ్చి పిలవలేదు. హార్వర్డ్‌లో ఎకనామిక్స్ చదువుకుంటూ ఆడాడు. 2010 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో జట్లన్నీ కలిసి 60 మందిని ఎంచుకుంటే అందులో అతని పేరు లేదు.

సొంత ప్రాంతపు జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ తీసుకుంది కానీ ఆడించింది తక్కువ, చిన్న లీగ్‌కి పంపింది ఎక్కువ. 2011 డిసెంబర్ 9న ఆ జట్టు వదిలేసింది. హ్యూస్టన్ జట్టు తీసుకుంది. పన్నెండు రోజులకి, సరిగ్గా క్రిస్మస్ ముందురోజు, హ్యూస్టన్ కూడా వదిలేసింది. నిక్స్‌లో ఒకతనికి దెబ్బ తగిలితే ఖాళీ పూడ్చడానికి 27న వాళ్లు తీసుకున్నారు. నిక్స్ సొంత కోర్టు మాడిసన్ స్క్వేర్ గార్డెన్ గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఇతన్ని జట్టు ఫిజియో అనుకున్నారట. ఫిబ్రవరి 10 దాటితే సీజన్ మొత్తం జీతం ఇచ్చి తీరాలి. ఆలోపు తీసేస్తే క్లబ్బుకి డబ్బు మిగులుతుంది. ఆ తారీఖు దగ్గర పడుతోంది.

ఎన్‌బీఏలో ఒక మ్యాచ్ 48 నిమిషాలు. అప్పటికి నిక్స్ 23 మ్యాచ్‌లు ఆడేసింది. వాటన్నిటిలో కలిపి అతను కోర్టులో ఉన్నది 55 నిమిషాలు.

"అంతేనా!" అంది మా అమ్మాయి. లేసు విప్పడం ఆపేసింది. దారిలోకి వచ్చింది అనుకున్నాను.

ఫిబ్రవరి 4 రాత్రి న్యూజెర్సీ నెట్స్‌తో మ్యాచ్. నిక్స్ అంతకుముందు 13 మ్యాచ్‌లలో 11 ఓడింది. ఇంక చేసేదేమీ లేక కోచ్ మైక్ డాంటోనీ బెంచి చివర కూర్చున్న లిన్‌ని దింపాడు. అతను 25 పాయింట్లు కొట్టాడు. నిక్స్ గెలిచింది. రెండు రోజులకి యూటా మీద 28. తర్వాత వాషింగ్టన్ మీద 23. గండం అనుకున్న ఫిబ్రవరి 10 రానే వచ్చింది. ఆ రాత్రి ఎదురుగా కోబీ బ్రయంట్ ఉన్న లేకర్స్ జట్టు. కోబీ 34 కొట్టాడు, సోఫా కుర్రాడు 38 కొట్టాడు.

ఆ రాత్రి మా గెస్ట్ హౌస్‌లో ఎనిమిది మందిమీ టీవీ ముందే ఉన్నాం. మాలో ఏ ఒక్కరికీ ఆ ఆట రూల్సు సరిగా తెలియవు. అయినా బంతి రింగులో పడిన ప్రతిసారీ మాకే ప్రాజెక్టు వచ్చినట్టు అరిచాం. 14న టొరంటోలో మ్యాచ్. 87-87. గడియారంలో అర సెకను మిగిలుండగా దూరం నుంచి త్రీ పాయింటర్ వేశాడు. పడింది. ఎదుటి ఊరి జనం కూడా లేచి నిలబడి కేరింతలు కొట్టారు. మరుసటి వారం నాకు ఒక ఇంటర్వ్యూ ఉంది. అతన్ని తలుచుకునే ఫోన్ ఎత్తాను. ఉద్యోగం వచ్చింది.

"అందుకే తల్లీ," అన్నాను. "బెంచి మీద కూర్చున్నవాడికి కూడా ఒక ఫిబ్రవరి 4 వస్తుంది. మెడల్ గోడకి పెట్టుకో."

ఈ కథ నేను చాలామందికి చెప్పాను, మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి కూడా. ఎప్పుడు చెప్పినా ఇక్కడే ఆపుతాను.

మా అమ్మాయి ఆపనివ్వలేదు. "తర్వాత ఏమైంది నాన్నా?"

"తర్వాతా మంచే జరిగింది. హ్యూస్టన్ వాళ్లు మళ్లీ పిలిచి పెద్ద కాంట్రాక్టు ఇచ్చారు. తర్వాత ఐదారు జట్లు మారాడు. 2017లో మోకాలి టెండన్ తెగి సీజన్ మొత్తం పోయింది. అయినా తిరిగొచ్చాడు. 2019లో, అర సెకనులో తను ఓడించిన టొరంటో జట్టే అతన్ని తీసుకుంది. ఆ ఏడే టొరంటో ఎన్‌బీఏ చాంపియన్ అయింది. చాంపియన్లకి ఉంగరం ఇస్తారు. ఆ ఉంగరం అందుకున్న మొదటి ఆసియా అమెరికన్ ఆటగాడు జెరెమీ లిన్. చూశావా మరి?"

"ఫైనల్లో ఎంతసేపు ఆడాడు?"

ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. ఫోన్ తీసి వెతికాను. చదువుతుంటే గొంతు తగ్గిపోయింది.

ఆ ఫైనల్స్ ఆరు మ్యాచ్‌లు. ఐదింటిలో లిన్‌ని దింపనే లేదు. ఆడింది మూడో మ్యాచ్ ఒక్కటి, అదీ ఫలితం తేలిపోయాక, ఆఖర్న. 51 సెకన్లు. ఎక్కడంటే, ఓక్లండ్‌లోని ఒరాకిల్ అరీనాలో. అతన్ని మొదట తీసుకుని మొదట వదిలేసిన వారియర్స్‌కి అప్పట్లో సొంత కోర్టు అది. జూన్ 13న టొరంటో కప్పు గెలిచింది కూడా ఆ కోర్టులోనే, అతను బెంచి మీద ఉండగా.

ఆ తర్వాత నెలన్నరకే తైవాన్‌లో వేదికెక్కి అతను కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఎన్‌బీఏ తనని వదిలేసినట్టుందన్నాడు. జీవితంలో అట్టడుగుకి చేరానన్నాడు. ఊరూరా తిరిగి, తాను సంపాదించుకున్నట్టు అనిపించని చాంపియన్‌షిప్ గురించి నవ్వుతూ మాట్లాడాల్సి వస్తుందనే ఆ ప్రయాణానికి భయపడ్డానన్నాడు. వేలికి ఉంగరం వచ్చిన ఏడాది మాట ఇది. సోఫా మీద పడుకున్న ఏడాది మాట కాదు.

తర్వాత బీజింగ్ వెళ్లి ఆడాడు. 2021లో అక్కడి డబ్బు వదులుకుని, 32 ఏళ్ల వయసులో, మళ్లీ ఎన్‌బీఏ పిలుస్తుందని అమెరికా చిన్న లీగ్‌కి వచ్చాడు. ఆ పిలుపు రాలేదు. చివరికి తైవాన్‌లో తమ్ముడితో కలిసి ఒకే జట్టులో ఆడి, అక్కడ కప్పులు గెలిచి, 2025లో ఆట మానేశాడు.

ఫోన్ పక్కన పెట్టాను. ధైర్యం చెబుదామని మొదలుపెట్టిన కథ ఇలా తిరిగింది. పిల్ల ఇంకా డీలా పడుతుందేమోనని మొహంలోకి చూడలేకపోయాను.

"యాభై ఒక్క సెకన్లు," అంది మెల్లగా. వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంది. "రెండు సార్లు బంతి పట్టుకోవచ్చు నాన్నా. ఒక్కసారైనా షూట్ చేయొచ్చు. నయమే కదా."

"ఏంటమ్మా నయం?"

"అతన్ని దింపారు కదా. నన్ను మూడు రోజుల్లో ఒక్కసారి కూడా దింపలేదు. ట్రాక్ సూట్ జిప్పు కూడా తీయలేదు నేను."

నాకు కాసేపు మాట రాలేదు.

"మరి చెప్పలేదేం తల్లీ? రోజూ ఫోన్ చేశాను కదా."

లేసులు రెండూ బకెట్లో వేసి నా వైపు తిరిగింది. మొహంలో కోపం లేదు.

"నువ్వు 'గెలిచారా' అని అడిగావు నాన్నా. గెలిచాం."