నది దాటినవాళ్లకు సొంతూరి యోగం

ఇంద్రావతి గోదావరిలో కలిసే సోమ్నూరు సంగమం మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో ఉంది. మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ ఇక్కడ ఒకే నీటి అంచుకు వస్తాయి. సరిహద్దు మాత్రం మనుషులను బట్టి పనిచేస్తుంది. మేడిగడ్డ బరాజ్ ఒక కొస తెలంగాణలో, ఇంకో కొస సిరొంచ వైపు పెట్టుకుని నిలబడితే స్థానికత సర్టిఫికెట్ అడిగినవారు లేరు. సిరొంచ తెలుగువాళ్లు కాళేశ్వరం వైపు పిల్లనిచ్చినా తెచ్చుకున్నా వలస కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని గోదావరి దిక్కు వచ్చిన మురియా ఆదివాసీ కుటుంబం మాత్రం ‘వలస గుత్తికోయలు’.

వాళ్లను తరిమింది మావోయిస్టులకు వ్యతిరేకంగా సర్కారు అండతో 2005 జూన్‌లో మొదలైన సల్వాజుడుం. ఊళ్లు తగలబడ్డాయి, జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తోలారు. శిబిరానికి రానివాడు జుడుం వాళ్లకు నక్సలైటు, వచ్చినవాడు మావోయిస్టులకు ఇన్‌ఫార్మర్. గిరిజన కుర్రాళ్లకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తేల్చింది. తీర్పు వచ్చేసరికి ఆరేళ్లు గడిచాయి.

అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13కు ముందే ఆ భూమి సాగులో ఉండాలి. అంటే జూన్ తర్వాత కొంప కాలినవాడు ఆ చలికాలంలోపే నది దాటి, పోడు కొట్టి, గట్టు వేసి ఉండాల్సింది. తీరిగ్గా పారిపోయినవాడి బద్ధకానికి చట్టమేం చేస్తుంది? కుల సర్టిఫికెట్ సంగతి మరీ సొగసు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగ అయిన మనిషి తెలంగాణ అడవిలోకి అడుగుపెట్టగానే ఏ తెగా కాకుండా పోతాడు.

2017 సెప్టెంబర్‌లో తెలంగాణలోని తాడ్వాయి అడవిలో జలగలంచ గుత్తికోయ గుంపులో అటవీ సిబ్బంది గుడిసెలు కూల్చారు. హైకోర్టు కలగజేసుకుంది. 2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యారు. అది ఘోరమే, నిందితులు ఇద్దరు గుత్తికోయలు. బెండాలపాడు పంచాయతీ మాత్రం గుంపు మొత్తాన్నీ ఛత్తీస్‌గఢ్‌కు పంపాలని తీర్మానించింది. లెక్కల్లో ఇంత ఉదారత అరుదు.

శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం పెట్టలేదు. అయినా పరాయి దేశం నుంచి వచ్చిన చక్మాల ప్రాణాలకు 21వ అధికరణం కాపు అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. మురియాలు పౌరులే. దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు 19వ అధికరణంలో రాసి ఉంది. దాన్ని చదివి వినిపించడానికి వకీలు కావాల్సి వస్తోంది. వినిపించగానే ఆయన అడవికి, అభివృద్ధికి అడ్డు.

‘సొంతూరికి పంపిస్తాం’ అనేవాళ్లు ఆ ఊరు ఇంకా ఉందో లేదో, ఎవరి తుపాకీ కింద ఉందో అడగరు. పిటిషన్ పడితేనే ఆ ప్రశ్న ఫైలుకెక్కుతుంది. స్టే వస్తే గుడిసె నిలుస్తుంది. పట్టా, సర్టిఫికెట్ అందులో ఉండవు.