ఫోనుకు వయసొచ్చింది సాబ్

పాతబస్తీలో ఫోను బాగుచేయించుకోవాలంటే డబ్బు కన్నా ఓపిక ఎక్కువ కావాలి. పత్తర్‌గట్టీ వెనక గల్లీలో నేను వెళ్లే భాయ్, రోగం చెప్పే ముందు అలవాట్లు అడుగుతాడు.

"పొద్దుగాల గుడ్ మార్నింగులు ఎన్నొస్తయి సాబ్?"

మా బాబాయి ఒక్కరే తెల్లారకముందే నలుగురు దేవుళ్లనీ రెండు గులాబీలనీ పంపిస్తారు. రాత్రి కూర్చుని తుడిపేస్తాను.

"రాసుడు, తుడుచుడు. గదే దీన్ని తింటున్నది," అంటూ పట్కారుతో బోర్డు మీది నల్ల చిప్పు చూపించాడు. చిటికెనవేలి గోరంత ఉంది.

ఫ్లాష్ మెమరీ అది. 1980ల్లో తోషిబాలో ఫుజియో మసువొకా కనిపెట్టింది. లోపల కోటానుకోట్ల అరలు. ఒక్కో అరలోకి పల్చటి పొర గుండా ఎలక్ట్రాన్లను బలవంతంగా తోసి బంధిస్తారు. తోసినప్పుడల్లా, లాగినప్పుడల్లా ఆ పొర కాస్త దెబ్బతింటుంది. అరకు ఒక్క బిట్టు పెట్టిన రోజుల్లో లక్షసార్ల దాకా తట్టుకునేది. చవకగా కావాలని మనం, సరేనని చిప్పులు చేసేవాళ్లు మూడేసి బిట్లు కుక్కాక ఆ లక్ష కాస్తా వేలల్లోకి దిగింది.

అందుకని కంట్రోలర్ అనే పెత్తందారును కాపలా పెట్టారు. పాత దేవిడీ యజమాని బాపతు. నేల అరుగుతుందని కిరాయిదార్లను గదులు మారుస్తూ ఉంటుంది, కూలిన గదికి తాళమేసి, ముందే దాచి ఉంచిన ఖాళీ గది తెరుస్తుంది. గది మారిన సంగతి కిరాయిదారుకే తెలియదు.

ఇంతా చేసి, చదివేటప్పుడు తప్పులు రానే వస్తాయి. బందీలు కొందరు మెల్లగా జారిపోతారు, మన మే నెల ఎండకు ఇంకా తొందరగా. ఆ తప్పులను దిద్దే విద్యకు మూలపురుషుడు రిచర్డ్ హామింగ్. శని, ఆదివారాల్లో మనుషులు లేనప్పుడు తప్పు తగిలితే బెల్ ల్యాబ్స్ యంత్రం ఆయన పని వదిలేసి పక్క పనికి పోయేదట. ఆ ఒళ్లుమంటలోంచి 1950లో హామింగ్ కోడ్ పుట్టింది. పదేళ్లకు దాన్ని ఇంకా గట్టిచేసినవాళ్లలో రాజ్ చంద్ర బోస్ ఒకరు. కలకత్తాలో మన గణాంకవేత్త సి.ఆర్. రావుకు పాఠం చెప్పిన బోసే! తెలుగువాడి చుట్టరికం దొరికిందని నేను పొంగిపోతే భాయ్ తలెత్తకుండా, "మరి వారంటీ ఆయన ఇస్తడా?" అన్నాడు.

నా బాధ వేరే. చార్మినార్ కింది నుంచి గోల్కొండ దాకా సొరంగం తెరిచారని, నిండా బంగారమేనని బాబాయి ఒక వీడియో పంపారు. చిప్పు దాన్ని ప్రాణంలా కాపాడింది. ఎలక్ట్రాను జారితే లెక్కగట్టి దిద్దింది, అర అరిగితే ఇంకో అరకు మోసింది. అబద్ధంలో ఒక్క బిట్టు చెక్కుచెదరలేదు. దాచినది దాచినట్టు ఉందా అన్నదే దాని పూచీ. నిజమా కాదా అన్నది బెల్ ల్యాబ్స్ వాళ్లు కూడా ముట్టుకోలేదు.

"ముఖ్యమైనవి కాపీ చేసుకోండి, మిగతాది నక్కో," అన్నాడు భాయ్. ఇదిగో ఇలాంటి చెత్తే ఉందంటూ సొరంగం చూపించాను. పట్కారు పక్కన పెట్టి పూర్తిగా చూశాడు. వెనక్కి జరిపి బంగారం దగ్గర మళ్లీ చూశాడు.

"సాబ్, తీసేసే ముందు గిది నాకు పంపుండ్రి."